నడిపించేవాళ్లకు నేర్పిందెవరు?

యువజన సేవ గురించి మనవాళ్లు రాసుకున్న చరిత్రలో ఇద్దరే కనిపిస్తారు. పిలుపునిచ్చిన నాయకుడు ఒకరు, ఆ పిలుపు విని పలుగూ పారా పట్టుకున్న కుర్రాడో అమ్మాయో ఇంకొకరు. వీళ్ల మధ్య నిలబడి పేర్లు రాసుకుని, పని పంచి, తగాదాలు తీర్చి, రాత్రి అందరూ భోంచేశారో లేదో చూసి, చివరికి లెక్కలు అప్పజెప్పే మూడో మనిషి ఊసు ఎక్కడా ఉండదు. వికారాబాద్ కాలేజీలో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) బాధ్యత చూసే అధ్యాపకుడైనా, తాండూరు బడిలో స్కౌట్ దళాన్ని నడిపే మాస్టారైనా, స్వచ్ఛంద సంస్థ తరఫున మండలంలో వాలంటీర్లను కూడగట్టే ఆర్గనైజరైనా ఆ మూడో మనిషే. ఇలాంటివాళ్లకు ఇచ్చే శిక్షణ ఇప్పుడు ఫోనులోకి, కంప్యూటరులోకి మారుతోంది. కరోనా తెచ్చిపెట్టిన కొత్త ఏర్పాటు ఇదని కొందరు మెచ్చుకుంటున్నారు, కొందరు పెదవి విరుస్తున్నారు. నిజానికి ఇది నూరేళ్లుగా జవాబు కోసం తిరుగుతున్న పాత ప్రశ్నకు దొరికిన తాజా జవాబు. ఉద్యోగమూ ఊరూ వదిలి రాలేని మనిషికి, పదిమందిని నడిపే పని ఎవరు, ఎక్కడ, ఎలా నేర్పాలి? హైదరాబాదుకు పశ్చిమాన కర్ణాటక సరిహద్దు దాకా సాగే ఈ ప్రాంతపు గతాన్ని ఆ ప్రశ్నతో తిరగేస్తే తెర ఏం ఇవ్వగలదో, ఏం ఇవ్వలేదో తేలుతుంది.

ముందు తెలుగు నేల మీద వాలంటీర్ల వ్యవస్థ ఎలా మొదలైందో చూడాలి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలలో రామదండును నిలబెట్టాడు. ఆ ఏడాది మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు జనాన్ని అదుపులో ఉంచింది వాళ్లే. మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా చీరాల–పేరాల జనం ఊరు విడిచి రామనగరంలో గుడిసెలు వేసుకున్నప్పుడు కాపు కాసిందీ వాళ్లే. కానీ గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాక ఉద్యమం చప్పబడింది, జనం తిరిగి పాత ఇళ్లకు చేరారు. దమనం, వానలు, డబ్బు లేకపోవడం లాంటి కారణాలు చాలానే ఉన్నాయి. అయితే ఆయన తర్వాత దండును నడపడానికి తయారైన రెండో వరస లేకపోవడం వాటిలో చిన్నదేమీ కాదు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభ దగ్గర ఇదే లోపం మరో రకంగా బయటపడింది. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ 14 ఏళ్ల దుర్గాబాయి, టికెట్ లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు ఆమెను కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేశానన్నది ఆమె, టికెట్ కొన్నాకే ఆయన్ని లోపలికి పంపింది. ఈ ఉదంతాన్ని మనం ఆ పిల్ల ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం. నిర్వాహకుల వైపు నుంచి చూస్తే అర్థం మారుతుంది. నియమం పెట్టినవాళ్లకే దానిమీద నిలకడ లేదు, పాటించిన వాలంటీరుకు వెన్నుదన్నుగా నిలవాలని వాళ్లకు తోచలేదు. నేర్చుకోవలసింది ఆ అమ్మాయి కాదు. ఎన్.ఎస్. హర్డీకర్ చొరవతో హిందుస్తానీ సేవాదళ్ పుట్టింది ఆ కాకినాడ సభలోనే. వాలంటీర్లకే కాదు, వాళ్లకు నేర్పేవాళ్లకూ పద్ధతిగా శిక్షణ ఉండాలన్న ఆలోచన జాతీయోద్యమంలో అప్పటికి బలపడింది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ కూడా ఆ ఆంక్షల నడుమే పని చేసింది. బాహాటంగా దళాలు కట్టి శిక్షణ శిబిరాలు పెట్టే వీలు ఇక్కడ లేదు. మధ్య మనిషిని ఒక పద్ధతి ప్రకారం తయారు చేయడం వికారాబాద్ చూసింది రాజకీయంలో కాదు, మెథడిస్టు మిషన్‌లో. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పడ్డాక ఈ దారిన రాకపోకలు పెరిగాయి. వికారాబాద్ మిషన్ కేంద్రమైంది, మేరీ నాట్స్ పాఠశాల, క్రాఫర్డ్ ఆసుపత్రి వెలిశాయి. పల్లెలో ఉపదేశి ఉంటాడు, చాలాచోట్ల బడి పంతులూ అతనే. కొన్ని పల్లెల మీద ఒక పర్యవేక్షకుడు, అందరికీ పైన జిల్లా సూపరింటెండెంట్. జె. వాస్కమ్ పికెట్ నాయకత్వంలో జరిగి 1933లో పుస్తకంగా వచ్చిన, సామూహిక మతమార్పిడుల మీది అధ్యయనం దేశంలో పది ప్రాంతాలను ఎంచుకుంటే అందులో వికారాబాద్ ఒకటి. మతమార్పిడుల గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, చూడవలసింది ఆ నిర్మాణాన్ని. పల్లెలో ఒంటరిగా పనిచేసేవాడి వెనక ఒక పర్యవేక్షకుడు, అతని వెనక ఇంకొకడు, అందరూ కలిసే సమావేశాలు. పని నేర్చుకోవడమంటే ఒకసారి చదివి వదిలేసేది కాదనీ, కలుస్తూ కలుస్తూ సరిదిద్దుకునేదనీ ఆ ఏర్పాటు చెబుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ బాధ్యత ప్రభుత్వం తలకెత్తుకుంది. యూనివర్సిటీ విద్యను పరిశీలించిన రాధాకృష్ణన్ కమిషన్ విద్యార్థుల స్వచ్ఛంద సేవను సిఫారసు చేసింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ, హైస్కూలు ముగించి యూనివర్సిటీలో చేరబోయేవాళ్లు కొన్ని నెలలు తప్పనిసరిగా జాతీయ సేవ చేయాలన్నది. కాకినాడలో నెహ్రూను ఆపిన దుర్గాబాయి అప్పటికి ఆ దేశ్‌ముఖ్ భార్య, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు కూడా. ఖర్చు ఎక్కువ, అమలు కష్టమని ఆ ప్రతిపాదన పక్కకు పోయింది. అమలు కష్టమంటే, లక్షల మంది కుర్రాళ్లను ఊళ్లకు పంపితే వాళ్లను చూసుకునే మనుషులు ఎక్కడని. మరుసటి ఏడు విద్యావేత్త కె.జి. సైయిదైన్ దేశదేశాల అనుభవాలు పరిశీలించి, సేవ ఇష్టపూర్వకంగా ఉండటమే మేలన్నాడు. విద్యా వ్యవస్థను పరిశీలించిన కొఠారీ కమిషన్ దాటి చివరికి 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏట, 37 యూనివర్సిటీల్లో 40 వేల మందితో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. తెలంగాణలో ఆ ఏడాది సామాన్యమైనది కాదు. ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు రోడ్ల మీద ఉన్నారు, కాల్పులు జరిగాయి, చదువులు దెబ్బతిన్నాయి. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన మర్రి చెన్నారెడ్డి వికారాబాద్ నుంచీ, తాండూరు నుంచీ కూడా శాసనసభకు గెలిచినవాడు. యువతకు శక్తి ఉందా అని ఇక్కడ ఎవరూ అడగనక్కరలేదు. ఆ శక్తిని ఊరి పనికి మళ్లించి, రోజూ వెంట ఉండే నేర్పు ఎవరికుంది అన్నదే మిగిలింది.

ఎన్‌ఎస్‌ఎస్ ఆ భారాన్ని అధ్యాపకుడి మీద పెట్టింది. ఒక యూనిట్‌కు 100 మంది వాలంటీర్లు, వాళ్లకు ఒక ప్రోగ్రాం ఆఫీసర్. ఒక్కో వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, దత్తత గ్రామంలో వారం రోజుల స్పెషల్ క్యాంపులో ఉండాలి. కెమిస్ట్రీయో కామర్సో చెప్పుకునే మనిషి దీనికోసం సర్పంచితో మాట్లాడాలి, బడి గదులు అడగాలి, ఆడపిల్లల బసకు భద్రత చూడాలి, వంటకు సరుకులు తేవాలి, పని ఊరికి పనికొచ్చేలా ఎంచాలి, బిల్లులు భద్రపరచాలి. ఇవేవీ అతని పీజీలో లేవు. అందుకే ప్రోగ్రాం ఆఫీసరుగా ఎంపికైనవాడు శిక్షణ పొందాలని ఎన్‌ఎస్‌ఎస్ నియమావళి చెబుతుంది. ప్రపంచంలో ఈ తెలివి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. బేడెన్ పవెల్ పిల్లల కోసం తొలి స్కౌట్ శిబిరం పెట్టింది 1907లో, స్కౌట్ మాస్టర్లకు గిల్వెల్ పార్కులో శిక్షణ మొదలైంది 1919లో. పిల్లలకు క్రమశిక్షణ నేర్పే పద్ధతి దొరికిన 12 ఏళ్లకుగాని నేర్పేవాడికీ ఒక బడి కావాలని తోచలేదు.

బడి ఉంటే సరిపోదు, అది ఎక్కడుందన్నది ఇంకో ప్రశ్న. ఈ విషయంలో తాండూరు, వికారాబాద్ చరిత్ర ఒక పాఠం. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనలో తెలుగు రాష్ట్రానికి వచ్చి హైదరాబాద్ జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయింది. పక్కనున్న కొడంగల్ గుల్బర్గా నుంచి మహబూబ్‌నగర్‌కూ, అక్కణ్నుంచి వికారాబాద్‌కూ మారింది. రంగారెడ్డి జిల్లా ఉన్నన్నాళ్లూ జిల్లా కార్యాలయాలు హైదరాబాద్ నగరంలోనే నడిచాయి. అంటే తాండూరులో పనిచేసే మనిషికి జిల్లా స్థాయి సమావేశమంటే దాదాపు 110 కిలోమీటర్ల ప్రయాణం. పోనీ, శిక్షణ సంస్థలు లేని ప్రాంతమా ఇది? 1958లో ముస్సోరీలో పెట్టిన సామాజికాభివృద్ధి సంస్థ 1964లో హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్‌కు తరలివచ్చింది, ఇప్పుడు దాన్నే జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అంటున్నాం. ఉద్యోగులకు శిక్షణనిచ్చే రాష్ట్ర సంస్థకు చెన్నారెడ్డి పేరే పెట్టారు, అదీ హైదరాబాదులోనే. దేశమంతటి నుంచీ మనుషులు వచ్చి నేర్చుకుని వెళ్లే చోటికి రైలు దూరంలో ఉండి కూడా తాండూరు మాస్టారుకు అది అందుబాటులో లేదు. కాలేజీలో క్లాసులు ఆగుతాయి, ప్రిన్సిపాల్ రిలీవ్ చేయడు, ఇంట్లో చిన్నపిల్లలున్న అధ్యాపకురాలు వారం రోజులు నగరంలో ఉండలేదు. తీరా వెళ్లి నేర్చుకున్నాక ఆ మనిషి బదిలీ అయితే, వచ్చినవాడితో కథ మళ్లీ మొదటికే.

దూరాన్ని సాంకేతికతతో దాటాలన్న ప్రయత్నం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో వికారాబాద్ ఇరుగుపొరుగైన మెదక్, మహబూబ్‌నగర్ పల్లెలూ, సరిహద్దుకు అవతలి గుల్బర్గా పల్లెలూ ఉన్నాయి. పిల్లల పాఠాలకూ పంట పొలాల కార్యక్రమాలకూ వచ్చినంత పేరు అందులోని మరో ప్రయోగానికి రాలేదు. 12 రోజుల చొప్పున రెండు విడతల్లో దాదాపు 48 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. అంతమందిని నగరాలకు పిలిపించడం అసాధ్యం. కాబట్టి పాఠమే పల్లెకు వచ్చింది. అయితే ఆ ఏర్పాటు చేసినవాళ్లు టీవీ పెట్టె ఒక్కదాన్నే నమ్ముకోలేదు. టీవీకి తోడు రేడియో, చేతికి అచ్చు పుస్తకం, చేసి చూడాల్సిన ప్రయోగాలు, ప్రతి కేంద్రంలో దగ్గరుండి చర్చ నడిపే ఒక మనిషి. ఉపగ్రహం ఒకవైపు మాట్లాడే సాధనం, అడిగినదానికి జవాబివ్వలేదు. ఆ లోటు తీర్చింది పక్కనున్న మనిషే. ఏడేళ్ల తర్వాత, 1982లో, జి. రామిరెడ్డి ఉపకులపతిగా హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైనప్పుడూ సూత్రం ఇదే. పాఠం పోస్టులో ఇంటికి వస్తుంది, అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులు ఉంటాయి. పని మానుకోకుండా చదువుకునే వేల మంది దాంతో గట్టెక్కారు. దూరవిద్య నిలబడింది దూరం వల్ల కాదు, మధ్యమధ్య కలిపిన దగ్గరితనం వల్ల.

ఇదే కాలంలో మరో పద్ధతి కూడా పెరిగింది, పనిలోనే నేర్పడం. 1990ల అక్షరాస్యత ఉద్యమంలో పైనుంచి రిసోర్స్ పర్సన్లు మాస్టర్ ట్రైనర్లకూ, వాళ్లు వాలంటీర్లకూ నేర్పుతూ వచ్చారు. మెట్టు దిగేకొద్దీ పాఠం పలచబడటం ఆ పద్ధతిలోని జబ్బు. మరోవైపు, ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి బాలకార్మికులను బడికి మళ్లించే పని చేపట్టినప్పుడు ఊళ్లలో చదువుకున్న తొలితరం కుర్రాళ్లనే కార్యకర్తలుగా ఎంచుకుంది. పత్తి చేలల్లో, ఇళ్లల్లో పనిచేసే పిల్లలను శిబిరాల్లో చదివించి బడిలో చేర్చేదాకా వాళ్లు తల్లిదండ్రులతోనూ యజమానులతోనూ ఓపిగ్గా మాట్లాడాలి. బడికి వెళ్లని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అన్న సూత్రం ఒక్కటే, దాన్ని ఊరి తగాదాల మధ్య నిలబెట్టే నేర్పు ఊరూరికీ వేరు. ఆ సంస్థకు సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. పుస్తకంలో నేర్పగలిగేది సూత్రం, సంస్థ లోపలి చర్చల్లో నేర్పగలిగేది దాని అమలు అని ఆ అనుభవం నిరూపించింది.

ఇప్పటి ఆన్‌లైన్ శిక్షణను ఈ వరసలో పెట్టి చూడాలి. 2020 అక్టోబరులో ఉపాధ్యాయుల ‘నిష్ఠ’ శిక్షణ దీక్షా వేదిక మీదికి వచ్చింది. అంతకు నెల ముందే తెలంగాణ పిల్లలకు దూరదర్శన్‌లో, టీ–శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. అదే ఏడాది ఆమోదం పొందిన మిషన్ కర్మయోగి ప్రభుత్వోద్యోగుల శిక్షణను ఐగాట్ వేదికకు చేర్చింది. 2023లో వచ్చిన మై భారత్ వాలంటీర్ల నమోదునూ కార్యక్రమాలనూ పోర్టల్‌లోకి తెచ్చింది. ఇందులో లాభం ఉత్త సౌకర్యం కాదు. అక్షరాస్యత ఉద్యమంలో మెట్టుమెట్టుకూ పలచబడిన పాఠం ఇక్కడ తాండూరు దాకా చిక్కదనం తగ్గకుండా వస్తుంది. అందరికీ ఒకే మాట చేరాల్సిన విషయాలు కొన్ని ఉంటాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. క్యాంపులో పద్దెనిమిదేళ్లలోపు పిల్లల బాధ్యత తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఇది కరెక్టుగా తెలిసి ఉండాలి, ఊరి పరువని సర్దిచెప్పే అలవాటుకు ఇందులో చోటు లేదు. లెక్కలు, బస నియమాలు, దెబ్బ తగిలినప్పుడు చేయాల్సిన తొలి చికిత్స కూడా ఇలాంటివే. వీటిని తీరిక దొరికిన రాత్రి చూసుకుని, అర్థంకాకపోతే మళ్లీ చూసుకునే వీలు వారం రోజుల తరగతిలో ఎప్పుడూ లేదు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు మరుసటి రోజే మొదలుపెట్టవచ్చు.

సేవకు శిక్షణ ఎందుకు, మనసుంటే చాలదా అని కొందరు అడుగుతారు. నియమాలు, కోర్సులు, సర్టిఫికెట్లు మొదలైతే సేవ ఉద్యోగమైపోతుందని వాళ్ల భయం. ఆ భయంలో నిజం ఉంది. వాలంటీర్ల పేరిట తక్కువ ఖర్చుతో ప్రభుత్వ పనులు నడిపించుకున్న సందర్భాలు మనకు కొత్త కాదు. కానీ శిక్షణ లేని పెద్దమనిషి వల్ల నష్టపోయేది ముందుగా వాలంటీరే. కాకినాడలో నిలదొక్కుకున్న పిల్ల దుర్గాబాయి కాబట్టి కథ మిగిలింది, కోప్పడగానే మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయినవాళ్ల కథలు ఎవరూ రాయలేదు. క్యాంపులో పనికిమాలిన గుంతలు తవ్వి విసిగిపోయిన కుర్రాడు మరో ఏడు రాడు. వాలంటీరు ఇచ్చేది తన కాలం. దాన్ని వృథా చేయకుండా వాడటం నేర్చుకోవడం నడిపేవాడి బాధ్యత, అందులో ఉద్యోగపు వాసన ఏమీ లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆన్‌లైన్ శిక్షణ అంటే వీడియో నడుస్తుండగా వేరే పని చేసుకుని, చివర నాలుగు ప్రశ్నలకు టిక్కులు పెట్టి సర్టిఫికెట్ దించుకోవడమేనని అంటారు. చాలాచోట్ల జరుగుతున్నది అదే. అయితే నగరంలో వారం రోజుల తరగతి మాత్రం రిజిస్టరులో సంతకం పెట్టి బజారుకు వెళ్లే అవకాశం ఇవ్వలేదా? మొక్కుబడి చదువు తెర కనిపెట్టింది కాదు. తేడా ఒకటుంది. తరగతిలో పక్కవాడితో మాట్లాడే అవకాశమైనా మిగిలేది, ఒంటరిగా ఫోను ముందు కూర్చున్నవాడికి అదీ లేదు. 1975 ఉపగ్రహ ప్రయోగంలో ప్రతి కేంద్రంలో ఒక మనిషిని కూర్చోబెట్టినవాళ్లు ఊహించింది ఈ లోటునే. ఇప్పటి కోర్సులు రూపొందించేవాళ్లు ఉపగ్రహపు వేగాన్ని వారసత్వంగా తీసుకుని, ఆ మనిషిని మాత్రం ఖర్చు కింద కొట్టేశారు. పైగా తాండూరు సున్నపురాయి గనుల చుట్టూ, కంది చేల చుట్టూ ఉన్న ఊళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసి వినిపిస్తాయి. హిందీలోనో ఇంగ్లీషులోనో తయారై తెలుగు అక్షరాలు తొడుక్కున్న పాఠం అక్కడి ఆర్గనైజరుకు సమాచారం ఇస్తుందేమోగాని, గని కార్మికుల బస్తీలో తల్లితో ఎలా మాట్లాడాలో చెప్పదు.

కాబట్టి కావలసింది ఆన్‌లైనా, ముఖాముఖీనా అన్న వాదన కాదు, ఏ పని దేనికి అప్పగించాలన్న పంపకం. చట్టం, లెక్కలు, భద్రత, ప్రణాళిక తెర మీద నేర్పవచ్చు. తగాదా తీర్చడం, ఊరితో మాట్లాడటం, అలసిపోయిన వాలంటీరును నిలబెట్టుకోవడం అదే పని చేసే నలుగురు కలిసి కూర్చున్నప్పుడే వస్తాయి. ఆ కూర్చోవడానికి ఇక హైదరాబాద్ వెళ్లనక్కరలేదు. జిల్లా కేంద్రం ఇప్పుడు వికారాబాద్ అయింది, తాండూరు నుంచి రైల్లో గంట దూరం. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ కాలేజీల ప్రోగ్రాం ఆఫీసర్లు, స్కౌట్ మాస్టర్లు, సంస్థల ఆర్గనైజర్లు నెలకొక పూట కలిసి, ఆ నెలలో తెర మీద చూసిన పాఠాన్ని తమ ఊళ్ల అనుభవంతో పోల్చి చూసుకోగలిగితే, పాతకాలపు పర్యవేక్షకుల సమావేశమూ 1975 నాటి చర్చా కేంద్రమూ కలిసి మళ్లీ మొదలైనట్టే. ఆ పూటను డ్యూటీగా లెక్కించి, అనుభవమున్న ఒకరికి దాన్ని నడిపే పని అప్పగించి, చిన్న భత్యం ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. శిక్షణ ఫలించిందో లేదో సర్టిఫికెట్ల లెక్క చెప్పదు. మొదటి ఏడు వచ్చిన వాలంటీర్లలో ఎంతమంది రెండో ఏడు తమంతట తాము తిరిగి వచ్చారన్న లెక్క చెబుతుంది, ఆ లెక్క తీయడం ఏ కాలేజీకైనా సాధ్యమే.